ఈక కింద చుక్క

కార్ఖానా వెనక వరండా,
జూన్ 6

మామయ్య గారికి,

నమస్కారం. నేను మీ అక్క కూతుర్ని. పదకొండేళ్ళలో మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. క్షేమ సమాచారాలతో మొదలుపెడితే ఇద్దరికీ ఇబ్బందే కాబట్టి సరాసరి పనిలోకి వస్తాను.

నాన్న పోయి ఏడాది దాటింది. అప్పటినుంచీ బాణాల కార్ఖానా మూసే ఉంది. పోయిన నెల కిటికీలు తెరిచి దుమ్ము దులుపుతుంటే అటక మీద అమ్మ అమ్ములపొది కనిపించింది. అందులో పదకొండు బాణాలున్నాయి. పన్నెండోది ఆ రోజు పోటీలో అమ్మ అల్లెతాడు వదలగానే రెండు ముక్కలై, వెనక ముక్క ఆమె ఎడమ అరచేతిలో దిగింది. ఇవాళ్టికీ ఆ చెయ్యి పూర్తిగా ముడుచుకోదు. మంచినీళ్ళ గ్లాసు ఆ చేత్తో పట్టుకోలేదు. ఆ బాణం మీ చేతిపని. నాన్న ఆ సాయంత్రమే మిమ్మల్ని ఇంట్లోంచీ కార్ఖానాలోంచీ పంపేశారు. ఇదంతా మీకు తెలుసు. నాకూ తెలుసని మీకు తెలియాలని రాస్తున్నాను.

ఇప్పుడు నేను అమ్మ విల్లుతోనే సాధన చేస్తున్నాను. ఆగస్టు నెలాఖరున పోటీ ఉంది. ఈ పదకొండు బాణాల ఈకలు పురుగు కొట్టి పళ్ళూడిన దువ్వెనల్లా ఉన్నాయి. కొత్త ఈకలు అంటించడం నాన్న దగ్గర చూసి నేర్చుకున్నాను. పాతవి తీయడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ పని మీదేనట కదా.

అమ్మని అడిగితే, "ముందు మీ మామయ్యకి రాయి. వాడు సరే అనేదాకా ఒక్కటి కూడా ఎక్కుపెట్టకు" అంది. మీ చిరునామా కుట్టుమిషను సొరుగులోంచి తీసి ఇచ్చింది. అది ఆమె దగ్గర ఎందుకుందో నేను అడగలేదు.

పాత ఈకలు ఎలా తీయాలో రాస్తే చాలు.

మీ మేనకోడలు

*

కుర్చీల కార్ఖానా, పై గది,
జూన్ 15

మేనకోడలికి,

ఉత్తరం అందింది. బావ పోయిన సంగతి పేపర్లో చూశాను. ఆయన చేతిలాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. ఇక్కడ అందరూ కుర్చీకాళ్ళు చెక్కేవాళ్ళే. కాలు ఒక వెంట్రుకవాసి తేడా వస్తే కింద రబ్బరు బిళ్ళ పెడతారు. బాణానికి రబ్బరు బిళ్ళ పెట్టలేం.

అమ్మ మాట విను. ఇప్పటికే వాటిని ఎక్కుపెట్టి ఉంటే ఎన్నిసార్లో రాయి.

ఇక పని. ముందు ఈకల కొనల దగ్గర చుట్టిన దారాన్ని కోసెయ్యి. తరవాత ఒక పాతగుడ్డని వేడినీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఈకల చుట్టూ చుట్టి పది నిమిషాలు ఉంచు. మేం వాడింది తోలు ఉడకబెట్టి తీసిన జిగురు. తడివేడి తగిలితే అదే మెత్తబడుతుంది. అలాగని బాణాన్ని నీళ్ళలో నానబెట్టావంటే మర్నాటికి అరటిపండులా వంగి కూర్చుంటుంది.

మెత్తబడ్డాక మొద్దుకత్తి తీసుకో. పదునైనది వద్దు. కత్తిని పడుకోబెట్టకు, నిలబెట్టు. గీకాలి, కొయ్యకూడదు. ములికి ఉన్న ముందుకొన నీ వైపు ఉంచుకుని, అక్కణ్ణుంచి వెనక గాడి వైపు, అంటే అల్లెతాడు ఆనే చీలిక వైపు, నీకు అవతలికి తొయ్యి. ఎప్పుడూ అవతలికే. నీ వైపు లాక్కున్నావా, చివర్లో బొటనవేలు అడ్డం పెట్టి ఆపే చోట కత్తి చెక్కలోకి దిగుతుంది. బాణానికి అంతకన్నా చేటు లేదు.

మిగిలిన జిగురుపొర తీయడానికి కత్తి అక్కర్లేదు. పగిలిన కిటికీ అద్దం ముక్క అంచు చాలు. మన కార్ఖానాలో ఉత్తరం గోడ అరలో రేకుడబ్బా నిండా ఉండేవి. ఒక్కో బాణానికి మూడు ఈకలు కదా, వాటిలో తెల్లది ఎటు నిలబడిందో తీసేముందే గుర్తు పెట్టుకో.

ఒక్కటి ముందు చెయ్యి. తొందరపడి పదకొండూ పాడుచెయ్యకు.

మామయ్య

*

కార్ఖానా వెనక వరండా,
జూన్ 27

మామయ్య గారికి,

మూడు బాణాలు పూర్తయ్యాయి. మొదటిదానికి వేళ్ళు కాల్చుకున్నాను. "గట్టిగా పిండి" అని మీరు రాసింది నేను గుడ్డ చుట్టాక చదివాను. రెండోదానికి ఈకకాడ సగం ఊడి సగం మొండికేసింది. మూడోదానికి వచ్చేసరికి మెత్తగా, బొబ్బ మీది చర్మంలా, ఒక్క ఊపున వచ్చింది. చెప్పొద్దూ, సరదాగానే ఉంది. మీరు చెప్పిన రేకుడబ్బా అక్కడే ఉంది. అద్దం ముక్కల మధ్య ఒక బల్లిగుడ్డు కూడా ఉంది, దాన్ని కదపలేదు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. అమ్మకి తెలియకుండా నాలుగుసార్లు వేశాను.

తెల్ల ఈక కింద పెన్సిలు చుక్క కనిపించింది. మూడింటికీ ఉంది. అది మీ గుర్తని నాకు తెలుసు. ఈకలు తీసి బాణాన్ని సిద్ధం చేసినవాడు, కొత్త ఈక అంటించేముందు దాని కింద తన గుర్తు పెట్టాలన్నది మన కార్ఖానా కట్టుబాటు. నాన్నది నిలువుగీత, మీది చుక్క. పైకి ఎవరికీ కనబడదు. ఏళ్ళ తరవాత మళ్ళీ ఈక తీసినవాడికి తప్ప.

ఆ రోజు అమ్మని ఆసుపత్రిలో చేర్చి వచ్చాక, నాన్న విరిగిన ముక్కకి ఉన్న తెల్ల ఈక గోటితో పీకేసి దాన్ని మీ ముందు పెట్టారు. నాకు పదమూడేళ్ళు. తలుపు దగ్గరే ఉన్నాను. "ఈ గుర్తు ఎవరిది?" అన్నారు. మీరు చూసి "నాదే బావా" అన్నారు. అంతే. పెట్టె సర్దుకున్నారు, వెళ్ళిపోయారు. మీ పళ్ళెంలో అన్నం అలాగే ఉంది.

నన్ను భుజాలమీద ఎక్కించుకుని తిప్పిన మనిషి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదని నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది. ఇంత జాగ్రత్తగా పని చెప్పగలిగిన మనిషి ఆ రోజు అంత నిర్లక్ష్యంగా ఎలా చేశారు? ఎప్పుడైనా బాధపడ్డారా? ఇది మాత్రం తెలుసుకోవాలనుంది.

మేనకోడలు

*

కుర్చీల కార్ఖానా, పై గది,
జూలై 5

మేనకోడలికి,

నాలుగుసార్లు వేశావా! ఐదోసారి వేశావంటే నేనే వచ్చి ఆ విల్లు పొయ్యిలో పెడతాను. ఇది మామయ్యగా చెప్పడం లేదు, పనివాడిగా చెబుతున్నాను.

ఈకలన్నీ తీశాక, కొత్తవి అంటించేముందు చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. బాణాన్ని రెండు కొనలా పట్టుకుని, మొహానికి దూరంగా, చెవికి దగ్గరగా పెట్టి కొద్దిగా వంచు. పావు వంతు తిప్పి మళ్ళీ వంచు. అలా చుట్టూ నాలుగువైపులా. మంచి చెక్క చప్పుడు చెయ్యదు. లోపల చీలిక ఉంటే చిన్నగా 'టిక్' మంటుంది, ఎండుపుల్ల మీద పిచ్చుక వాలినంత. ఆ చప్పుడు విన్నావంటే ఎంత అందమైన బాణమైనా అక్కడికక్కడే విరిచెయ్యి. దాచుకోకు. దాచుకున్నవాడు ఏదో ఒక రోజు వాడతాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. గుర్తు నాదే. గుర్తు ఎవరిదైతే పని వాళ్ళదే. బావ అడిగిందీ అదే, నేను చెప్పిందీ అదే.

బాధపడ్డానా అంటే, పడ్డాను. అన్నం పళ్ళెం సంగతి నాకు గుర్తులేదు. తలుపు దగ్గర నువ్వున్నావని గుర్తుంది. చూస్తే వెళ్ళలేననే చూడలేదు బుడంకాయా. ఆ పేరుతో పిలవడం నీకిష్టం లేకపోతే కొట్టేసి చదువుకో.

మామయ్య

*

కార్ఖానా వెనక వరండా,
జూలై 19

మామయ్య గారికి,

పదకొండూ అయిపోయాయి. ముప్ఫైమూడు ఈకలు బుట్టలో ఉన్నాయి. అమ్మ ఆ బుట్ట వైపు చూడకుండా పక్కనుంచి నడిచి వెళ్తోంది.

మీరు చెప్పినట్టు వంచి చూశాను. ఏడు బాణాలు నోరు మెదపలేదు. నాలుగు 'టిక్' మన్నాయి. ఆ నాలుగింట్లో రెండు నేను వేసినవే. విరిచేశాను.

ఇప్పుడు ఇంకో సంగతి. జిగురంతా అద్దంతో గీకి, చెక్క తేటగా బయటపడ్డాక, పదకొండింటి మీదా గాట్లు కనిపించాయి. ఈక ముందుకొన ఉండే చోట, ములికి వైపు. కొన్ని గోటిగీతంత, కొన్ని లోతుగా. నేను చేసినవేమో అని మొదట భయపడ్డాను. కాదు. వాటి లోపల పాత జిగురు గట్టిపడి నల్లగా ఉంది. అంటే పోయినసారి ఈకలు తీసినప్పుడు పడ్డవి. విరిచిన నాలుగూ సరిగ్గా ఆ గాట్ల దగ్గరే విరిగాయి.

మీరు జూన్‌లో రాశారు, కత్తిని తనవైపు లాక్కుంటే బొటనవేలి దగ్గర చెక్కలోకి దిగుతుందని. ఇవి సరిగ్గా అవే. నాకు ఇక్కడే అర్థం కాలేదు. నలుగురికీ వద్దని చెప్పే పని మీరు పదకొండుసార్లు ఎలా చేస్తారు?

విరిగిన ముక్క మీద చేసి చూశాను. కుడిచేత్తో కత్తి పట్టుకుని నా వైపు లాగితే గాటు కుడికి వాలింది. ఎడమచేత్తో లాగితే ఎడమకి వాలింది. పది సార్లు చేశాను, పది సార్లూ అంతే. ఈ బాణాల మీద ఉన్నవన్నీ కుడికే వాలి ఉన్నాయి.

మీది పుర్రచెయ్యి కదా. నాన్న మిమ్మల్ని పుర్రచేతి మహారాజు అని ఏడిపించేవారు. మీరు కత్తెర వాడితే మాకు నవ్వాగేది కాదు.

ఇవి మీరు తీసిన ఈకలు కావు. గుర్తు మీదైతే కావచ్చు. ఎవరు తీశారు? నాన్నా?

మేనకోడలు

*

కుర్చీల కార్ఖానా, పై గది,
జూలై 25

బుడంకాయకి,

నాలుగూ విరిచేసి మంచిపని చేశావు. మిగిలిన ఏడింట్లో కూడా గాటు గోటికి తగిలేంత లోతున్నవాటిని ఇంకోసారి వంచి చూడు. చప్పుడు రాకపోతే వాడొచ్చు.

మీ నాన్న కాదు. ఆయన కత్తి అలా పట్టుకునే మనిషి కాదు. పోయినవాళ్ళ మీద అనుమానం పెట్టుకోకు.

మిగతాది పాత సంగతి. కొత్త ఈకలు అంటించుకో. జిగురు పల్చగా రాయి.

మామయ్య

*

వంటగది బల్ల దగ్గర,
ఆగస్టు 2

మామయ్యా,

చిన్నప్పుడు నిన్ను 'నువ్వు' అనేదాన్ని. ఇవాళ 'మీరు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఏమీ అనుకోకు.

నిన్న పొద్దున అమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఎడమచెయ్యి సరిగా ముడుచుకోదు కాబట్టి దుంపని రొమ్ముకి ఆనించి పట్టుకుంటుంది. కుడిచేత్తో కత్తిని తనవైపు లాక్కుంటుంది. చివర బొటనవేలు అడ్డం పెట్టి ఆపుతుంది. ఆ లాగడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. నిన్న మాత్రం చెక్కిన దుంపలు కడుగుదామని చేతిలోకి తీసుకుంటే, ప్రతి దుంపకీ చివర చిన్న గాటు. కుడివైపు వాలి. వరసగా ఐదు దుంపలు చూశాను. తరవాత వరండాలోకి వెళ్ళి ఒక బాణం తెచ్చి, దుంప పక్కన బల్ల మీద పెట్టాను.

అమ్మ రెంటినీ చూసింది. కత్తి కింద పెట్టింది. "వాడు చెప్పాడా?" అంది.

"లేదు. నువ్వే చెప్పు" అన్నాను.

చెప్పింది. నీకు తెలిసిందే కానీ, ఆమె చెప్పినట్టు రాస్తున్నాను. పోటీకి రెండురోజుల ముందు వానకి తడిసి ఈకలు చతికిలబడ్డాయట. నాన్న చెక్క కొనడానికి ఊరెళ్ళారు. నువ్వు జ్వరంతో మంచం మీద ఉన్నావు. విలుకాళ్ళు కార్ఖానాలో కత్తి ముట్టుకోకూడదని నాన్న నియమం. అయినా వంటింటి కత్తి పట్టుకెళ్ళి పన్నెండింటికీ తనే తీసేసింది. "దుంపలు చెక్కినంత సేపు పట్టలేదే" అంది. మర్నాడు నువ్వు లేచి ఈకలు అంటించావు.

"మరి నాన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు బాగా లేచిందనుకుంటాను, పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది.

"నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి వాడు ఒప్పేసుకుని వెళ్ళిపోయాడు. చెబుదామనుకున్నాను. మీ నాన్న కోపం తగ్గాక అనుకున్నాను. తగ్గాక, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి అనుకున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా కష్టమైపోయింది. చివరికి ఆయనే లేకుండా పోయారు" అంది.

నేను అక్కడ ఉండలేక లేచి వచ్చేశాను. చెయ్యి పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియదు, అయినా వచ్చింది. పదకొండేళ్ళు నేను నిన్ను తిట్టుకున్నాను. ఆమె పక్కనే కూర్చుని విన్నది. ఒక్కసారి కూడా 'ఊరుకో' అనలేదు.

నువ్వైనా ఎందుకు చెప్పలేదు? చెయ్యని పని కింద నీ చుక్క ఎందుకు పెట్టావు? నీకు త్యాగాలు చేసే సరదా ఉంటే ఉండొచ్చు. నాకు మాత్రం మామయ్య లేకుండా పోయాడు.

బుడంకాయ

*

కుర్చీల కార్ఖానా, పై గది,
ఆగస్టు 9

బుడంకాయకి,

త్యాగం అన్నావు. ఆ మాట నా మీద నుంచి తీసెయ్యి. అది ఉంటే నాకు నిద్రపట్టదు.

మీ అమ్మకి కూడా తెలియని సంగతి ఒకటుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు ఆమె మీద కోపంగా ఉన్నావు కాబట్టి చెప్పక తప్పదు.

ఆ రోజు జ్వరం కాస్త తగ్గి లేచేసరికి పన్నెండు బాణాలూ నా బల్ల మీద వరసగా ఉన్నాయి. "అన్నీ తీసేశాను, నువ్వు అంటించు చాలు" అంది అక్క. మొహం వెలిగిపోతోంది. నాకు పని తగ్గించానని ఆమె సంబరం. నేను జిగురు వేడి చేశాను. అలవాటు కొద్దీ ఒక్కో బాణం మీదా బొటనవేలు పోనిచ్చాను. గాట్లు తగిలాయి. చాలావాటికి పైపైనే ఉన్నాయి. ఒకదానికి మాత్రం గోరు ఇరుక్కుంది.

వంచి చూస్తే తెలిసిపోయేది. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి వంచితే చాలు. నేను వంచలేదు. 'టిక్' మంటే ఏం చెయ్యాలి? పోటీ మర్నాడే. ఆమె రెండేళ్ళు ఆ పోటీ కోసం చేతులు బొబ్బలెక్కేలా సాధన చేసింది. వేరే బాణాలు ఆమె విల్లుకి సరిపోవు. పైగా తప్పు ఎవరిదో బావకి చెప్పాల్సివచ్చేది. కాబట్టి వినకపోతే లేనట్టే అనుకున్నాను. ఆ గాట్లో జిగురు పూసి, రంపపు పొట్టు అద్ది, దారం నాలుగు చుట్లు ఎక్కువ చుట్టాను. చూడ్డానికి చక్కగానే ఉంది.

గుర్తు లేకుండా మన కార్ఖానా నుంచి బాణం బయటికి పోకూడదు. అక్కకి గుర్తంటూ లేదు. నా చుక్క పెట్టాను. అప్పటికి అది త్యాగమేమీ కాదు, అలవాటు.

నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆమె తెలియక గాటు పెట్టింది. నేను తెలిసి మూసిపెట్టాను. బావ నన్ను పంపెయ్యడంలో అన్యాయం లేదు. నేను 'నాదే' అన్నది అబద్ధమూ కాదు.

మీ అమ్మ మీద నాకు కోపం లేదని రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. మొదటి రెండేళ్ళు చాలా ఉండేది. ఒక్క కార్డుముక్క రాస్తుందేమోనని పోస్టు వచ్చే వేళకి మెట్ల మీద నిలబడేవాణ్ణి. ఆమె రాయలేదు. నేనూ రాయలేదు. ఆ చేతిని ఎదురుగా చూడాల్సివస్తుందని నాకు భయం. ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మాత్రం పంపేవాణ్ణి, కవరు మీద తప్ప లోపల ఏమీ లేకుండా.

ఈ ఉత్తరం ఆమెకి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

మామయ్య

*

కార్ఖానా లోపల, నీ బల్ల దగ్గర,
ఆగస్టు 17

మామయ్యా,

చూపించలేదు, చదివి వినిపించాను. నువ్వు దారం నాలుగు చుట్లు ఎక్కువ చుట్టానన్న చోట అమ్మ నన్ను ఆపి, "వాడికి తెలుసా?" అంది. మళ్ళీ అదే వాక్యం చదివించుకుంది. మళ్ళీ "తెలుసా వాడికి?" అంది.

ఇన్నాళ్ళూ ఆమె ఏమనుకుందో తెలుసా? జ్వరంలో ఉన్న తమ్ముడు, అక్క ఇచ్చింది కదా అని నమ్మి, చూసుకోకుండా అంటించేశాడనుకుంది. ఏమీ తెలియనివాడిని బలిపెట్టాననుకుంది. నువ్వేమో అంతా నీదే అనుకున్నావు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. మధ్యలో నాన్నా నేనూ చుక్కని పట్టుకుని కూర్చున్నాం.

నేను ఇంకా అమ్మతో మామూలుగా మాట్లాడటం లేదు. అవసరమైనంతవరకే. రేపో ఎల్లుండో మాట్లాడతాను, నాకే ఇబ్బందిగా ఉంది.

మొన్న మధ్యాహ్నం భోజనం అయ్యాక అమ్మ కార్ఖానాలోకి వెళ్ళింది. ప్రమాదం తరవాత ఆమె ఆ గుమ్మం దాటడం నేను చూడలేదు. ఏడు బాణాల్లోంచి ఒకటి తీసుకుంది. పాత జిగురు మరకలు ఇంకా కొంచెం ఉన్నాయని, రేకుడబ్బాలోంచి అద్దం ముక్క ఏరుకుంది. ఎడమచెయ్యి పనికిరాదు కాబట్టి బాణాన్ని బల్ల అంచున బిగించే పట్టులో పెట్టుకుంది. సహాయం చేస్తానంటే "నువ్వు పో" అంది. మూడు గంటల తరవాత బయటికి వచ్చింది. వేళ్ళనిండా జిగురు, జుట్టుకి ఒక ఈక. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

బాణం నా చేతికిచ్చి "దీన్ని వాడికి పంపు" అంది. ఉత్తరం ఏదంటే లేదంది. ఏం చెప్పమంటావంటే ఏమీ చెప్పొద్దంది. తెల్ల ఈక వంకరగా ఉంది మామయ్యా. నేను సరిచేస్తానంటే చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

అట్టపెట్టెలో పంపుతున్నాను. ములికి తీసేశాను, పోస్టువాళ్ళు ఒప్పుకోలేదు. పోటీ ముప్ఫయ్యో తారీకున. ఒక విడతకి ఆరు బాణాలు చాలు, అవి సిద్ధంగా ఉన్నాయి. ప్రతిదాన్నీ రెండుసార్లు వంచి చూశాను.

బుడంకాయ

*

కుర్చీల కార్ఖానా, పై గది,
ఆగస్టు 23

అక్కా,

బాణం అందింది. పెట్టె విప్పగానే చూశాను, తెల్ల ఈక వంకర. జిగురు ముద్దగా పూశావు, అంచులనుంచి బయటికి వచ్చింది. నాకు అలాంటిది కంటపడితే ఊరుకోలేనని నీకు తెలుసు. మిగతా రెండూ వదిలేసి తెల్లది ఒక్కటీ తీసి మళ్ళీ అంటిద్దామనుకున్నాను. కింద టీ కాచే పొయ్యి మీద నీళ్ళు పెట్టి, గుడ్డ పిండి చుట్టాను. పది నిమిషాలకి మెత్తబడింది. నాకు అవతలికి తోస్తే ఈకకాడ మొత్తం వచ్చేసింది.

కింద పెన్సిలుతో రాసి ఉంది. రెండుమూడుసార్లు దిద్దినట్టున్నావు, అక్షరాలు లావుగా ఉన్నాయి. 'అక్క' అని.

బావది గీత, నాది చుక్క. నీకు గుర్తంటూ లేదని రెండువారాల కిందట బుడంకాయకి రాశాను. 'అక్కా' అని నిన్ను పిలిచేది నేనొక్కణ్ణే. పదకొండేళ్ళుగా ఎవరూ పిలిచి ఉండరు.

పని ఆపేసి కూర్చున్నాను. యజమాని వచ్చి ఏమైందని అడిగితే కంట్లో రంపపు పొట్టు పడిందన్నాను. ఇక్కడ అందరికీ రోజూ పడుతుంది కాబట్టి నమ్మాడు.

తరవాత చెక్క చూశాను. పాత గాటు అలాగే ఉంది, పైపైదే. అద్దంతో దాన్ని చుట్టూ నున్నగా చేశావు. కొత్త గాటు ఒక్కటి కూడా లేదు. చిట్టచివరికి నీకు అవతలికి తొయ్యడం వచ్చింది. సంతోషం.

శనివారం బండెక్కి ఆదివారం పొద్దుటికి వస్తున్నాను. పోటీకి ఇంకా కొన్ని రోజులుంటాయి, బుడంకాయ చెయ్యి ఎత్తే తీరు ఒకసారి చూస్తాను. దానితో మాట్లాడు. అది నీ మీద అలిగితే అన్నం తగ్గించేస్తుంది, చిన్నప్పుడూ అంతే. నేను వచ్చేదాకా దుంపలు చెక్కకు, నేను చెక్కుతాను. నీ చెయ్యి చూపించు. ఈసారి చూస్తాను.

బాణం కూడా తెస్తున్నాను. తెల్ల ఈక నిటారుగా అంటించాను. నీ గుర్తు చెరపలేదు. దాని పక్కన నా చుక్క పెట్టాను. అంతకన్నా ముందు చెవి దగ్గర పెట్టుకుని, నాలుగువైపులా తిప్పి, ఒక్కోవైపూ నిదానంగా వంచాను. ఈసారి విన్నాకే అంటించాను.

తమ్ముడు